వార్డెన్ సారు అడిగే మాట

వనపర్తి హాస్టల్లో మా వార్డెన్ సారు విద్యార్థి నాయకులకు సలహాలిచ్చేవారు కాదు. ఏ నిర్ణయం చెప్పినా కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "వాళ్లనడిగినవా?" అనేవారు, అంతే.

మెస్ లీడరునయ్యాక, రంజాన్ నెలలో రోజా ఉన్నవాళ్లకు పొద్దుగూకగానే వేరే గదిలో అన్నం పెట్టించాను. ఘనకార్యం చేసినట్టు సారుకు చెప్పాను. అదే ప్రశ్న. చిరాకుపడుతూనే వెళ్లి అడిగాను.

"ఖర్జూరాలు జర ముందుగాల ఇయ్యన్నా, చాలు. అన్నం మీతోనే తింటం. గా గదిల మేమొక్కలమే కూసుంటే మంచిగనిపిస్తలేదు," అన్నాడు గద్వాల నుంచి వచ్చిన జూనియర్.

సారు రిటైరైన రోజు వేదిక కట్టించి, శాలువా తెప్పించి, పిలవడానికి వెళ్లాను. ఆయన కళ్లద్దాలు తీశారు.

"నన్నడిగినవా?"

శాలువా పక్కన పెట్టి, ఏం కావాలో అడిగాను.

"మీ వరుసల నాకింత అన్నం పెట్టు," అన్నారు.