వేపపూత నాదే!

మార్కాపురంలో పలకలకు కరువా? మా వీధిలో ఉగాది పచ్చడికి ఏ ఇల్లు ఏం తేవాలో కూడా పలక మీదే రాసి కరెంటు స్తంభానికి కడతారు. రాసేది మలుపింటి పెద్దమ్మ. ఏళ్ల తరబడి పలకల ఫ్యాక్టరీలో పనిచేసిన చెయ్యి ఆమెది. ఆరు ఇళ్లు, ఆరు రుచులు, ఒకటే కుండ. బెల్లం తెచ్చినవాళ్లదే గరిటె. గరిటె పట్టినవాళ్లు వీధి మొత్తానికి పచ్చడి పోస్తారు, ఆ పూట పెత్తనమంతా వాళ్లదే.

త్రిపురాంతకం నుంచి కోడలిగా వచ్చి ఎనిమిదేళ్లయినా వీళ్లకు నేను ‘కొత్త కోడలి’నే. ఎనిమిదేళ్లూ నాకు పడింది వేపపూతే. ఎండలో కోయాలి, చీమల చేత కుట్టించుకోవాలి, పుల్లలు ఏరాలి, చివరకు “చేదెక్కువైంది” అన్న మాటా పడాలి. ఒళ్లు మండేది. ఒక్కసారి ఆ గరిటె పట్టుకుంటే చాలు, ఈ వీధిదాన్ని అయిపోతాననిపించేది.

మొన్న ఉగాదికి కూడా బెల్లం ఎదురింటి వదినకు, వేప నాకు. పండగ ముందు రోజు మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా లేని వేళ చూసి, కొంగు తడిపి ఆ రెండూ తుడిచేశాను. బలపం తీసి వేప వదినకు, బెల్లం నాకు రాసుకున్నాను. తప్పనిపించలేదు సరికదా, హాయిగా కూడా ఉంది.

తెల్లారి పట్టుచీర కట్టి, బెల్లం అచ్చు పళ్లెంలో పెట్టుకుని వెళ్లాను. చూస్తే వదిన కూడా బెల్లమే తెచ్చింది! పలక కట్టిన రోజు చూసుకుని వెళ్లిన మనిషి మళ్లీ దాని వంక చూడనేలేదట. కుండలోకి అన్నీ వచ్చాయి, వేపపూత తప్ప.

“ఇదేంది? నాకు బెల్లమే కదా పడింది?” అంది వదిన.

“ఏమో వదినా, పలకలో అట్ల లేదే,” అన్నాను మామిడి ముక్కల వంక చూస్తూ.

పెద్దమ్మ పలక విప్పింది. ముందువైపు చూసి, నా మొహం చూసి, వెనక్కి తిప్పింది. స్తంభానికి ఆనుకున్న ఆ వైపు ఎవరు చూస్తారు? అక్కడ ఆమె రాత: ‘ఈసారి గరిటె వేపపూత వాళ్లకి.’

“తీపి ఎవురైనా తెస్తారు. చేదు మోసినోళ్లకు కూడా ఒకసారి పెత్తనం రావాల గదా,” అంది.

నా బెల్లం పళ్లెం మీద కొంగు కప్పేశాను.

వదిన మాత్రం ఎగిరి గంతేసింది. “అయితే పలక ప్రకారం వేప నాదే! ఇప్పుడే కోసుకొస్తా ఉండండి,” అని చెప్పులు వేసుకుంది.

“ఆగు వదినా! వేప నాదే! నేనే చెరిపినా, నేనే రాసినా!” వీధంతా వినేలా అరిచేశాను.

“ఓసి దొంగదానా!” అంది వదిన. అందరూ పడీపడీ నవ్వారు.

“నా రాత నాకు తెలవదా?” అంది పెద్దమ్మ. “పో, పూత తే.”

పట్టుచీర ఎగ్గట్టి, వేపచెట్టు అందేలా వీధి చివరి స్కూలు గోడెక్కాను. ఏ కొమ్మకు పూత బాగుందో కింద నిలబడి తలా ఒకటి చెప్పారు.

గరిటె నా చేతికే వచ్చింది. కాకపోతే మొదటి గ్లాసు నేనే తాగాలని పెద్దమ్మ తీర్పు, అదీ గుప్పెడు పూత ఎక్కువేసి. కళ్లలో నీళ్లు తిరిగాయి. చేదుకే అనుకోండి.

పచ్చడి పోస్తుంటే పక్క వీధి నుంచి వచ్చిన ఒకావిడ, “ఎవురీ పిల్ల?” అని అడిగింది. గరిటె ఆపి చెవులు రిక్కించాను.

“మా వీధి దొంగ,” అంది పెద్దమ్మ.

ఆవిడకు రెండు గ్లాసులు పోశాను.