పూలు లేకుండా దిగిన మంద

కాసియన్‌కు కుదురు లేదు. ఈ మాట వాళ్లమ్మ బతికున్నన్నాళ్లూ అనేది, విడిపోయేదాకా పెళ్లాం అనేది, ఇప్పుడు నేను అంటున్నాను. పదకొండేళ్లుగా అతని వెనక సామాను వ్యాను నడుపుతున్నదాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది. బ్యాటరీ సైకిళ్ల మీద జనాన్ని ఆరు రోజులపాటు కనుమలూ లోయలూ తిప్పి తెచ్చే గైడు అతను. వాళ్ల పెట్టెలు ఒక సత్రం నుంచి ఇంకో సత్రానికి చేరవేసే బుర్గిని నేను. వాళ్లు చెమటోడ్చి వచ్చేసరికి నేను కాఫీ తాగి కాళ్లు చాపుకుని కూర్చుంటాను. అయినా వెనక నుంచి బ్యాటరీ తోస్తుంటే చెమటేమిటి లెండి.

అతను భోజనానికి కూర్చున్నా మోకాలు ఊగుతూనే ఉంటుంది. క్నోడెల్ అనే రొట్టె ఉండలు పళ్లెంలోకి వచ్చేలోపే లేచి బయటికి పోయి మబ్బు చూసొస్తాడు. పడుకునే ముందు తొమ్మిది సైకిళ్ల బ్యాటరీలూ చార్జింగుకు పెట్టి ఒక్కొక్కటీ తడిమి చూసుకుంటాడు. తన ఫోను చార్జింగు సంగతి మాత్రం ఏనాడూ గుర్తుండదు. "నీకు ఫోనెందుకయ్యా, పారేయ్" అని నేను తిడితే, "నాకు ఫోను చేసేవాళ్లెవరు బుర్గీ?" అని నవ్వేస్తాడు.

సెప్టెంబరు యాత్ర వచ్చిందంటే ఈ కుదురులేనితనం రెండింతలవుతుంది. స్టెర్‌త్సింగ్‌లో బయలుదేరి, యౌఫెన్ కనుమ ఎక్కి, పాసైయర్ లోయలోకి దిగి, మెరాన్ మీదుగా సార్న్ లోయకు వచ్చి, పెన్‌సర్ కనుమ దాటి మళ్లీ బయలుదేరిన చోటికే చేరతాం. తేదీలు ఎవరు ఎలా మార్చమన్నా ఒప్పుకోడు. ఐదో రోజు సరిగ్గా వాళ్లన్న విగిల్ ఆవుల మంద కొండ దిగే రోజై ఉండాలి. ఎందుకని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. మూడేళ్లుగా ఐదో రోజు అతిథులను కాఫీకి కూర్చోబెట్టి, రోడ్డు మలుపులో గడ్డివామి కొట్టం చాటున నిలబడి, మంద ముందు నడిచే అన్నను చూసి వచ్చేవాడు. ఒక్కసారి కూడా ఎదురుపడలేదు.

గొడవ నాలుగేళ్ల కిందటిది. వేసవంతా ఆల్మ్‌లో, అంటే పైన కొండమేతలో గడిపిన ఆవులు దిగేటప్పుడు వాటి తలలకు పూలకిరీటాలు కడతాం. వేసవి ఏ కీడూ లేకుండా గడిచిందని దాని అర్థం. ఒక్క పశువు చచ్చినా ఆ ఏడు పూలుండవు. ఇంటి మనిషే పోతే ముందు నడిచే ఆవు గంటకు నల్లగుడ్డ కడతాం. ఆ ఏడు కాసియన్ అతిథులతో అన్న ఆల్మ్ మీదుగా అడ్డదారిన వచ్చాడు. బ్యాటరీ సైకిలుకు చప్పుడుండదు గదా. మలుపులో మేస్తున్న చూడిపెయ్య వెనక ఒక్కసారిగా ప్రత్యక్షమయ్యారు. అది బెదిరి లోయలో పడింది.

విగిల్ అందరి ముందూ అన్నాడు: "నాయన పోయిన ఏడు తప్ప మన మంద బోసితలలతో ఎప్పుడన్నా దిగిందంట్రా? నీ పుణ్యమా అని అదీ చూశా. ఇంక నా ఆల్మ్‌లో అడుగు పెట్టకు. నాకు తమ్ముడు లేడనుకుంటా."

కాసియన్ క్షమించమని కూడా అడగలేదు. సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఇద్దరివీ ఒకటే బుర్రలు, రాతిబండలు.

ఈ ఏడు వసంతంలో విగిల్‌కు గుండె జబ్బు చేసిందని, ఆస్పత్రిలో రెండు వారాలున్నాడని విన్నాం. కాసియన్ ఆస్పత్రి గేటు దాకా పోయి వెనక్కి వచ్చాడని నాకు వేరేవాళ్లు చెప్పారు. అప్పటినుంచి ఈ యాత్ర కోసం రోజులు లెక్కపెట్టుకున్నాడు. అన్న ఈసారి మంద ముందు నడవగలడా లేదా, అది చూడాలి అతనికి.

మొదటి మూడు రోజులూ మమ్మల్ని చంపుకుతిన్నాడు. హాంబర్గు నుంచి వచ్చిన ఉర్సెల్ అనే టీచరమ్మ ఫొటో కోసం ఆగితే, "నడువు, నడువు, కొండ ఎక్కడికీ పోదు" అని కసిరాడు. కొండెక్కాక మాకు 'మీరు' లేదు, ఎవరైనా 'నువ్వే', అందుకని ఆవిడ నొచ్చుకోలేదు. "కొండ ఎక్కడికీ పోకపోతే నీకు తొందర దేనికి?" అని అడిగింది.

నాలుగో రోజు మెరాన్ వైపు నుంచి సార్న్ లోయలోకి దిగుతుంటే వడగళ్లు పడ్డాయి. మా వెనక వస్తున్న ఇంకో గుంపు గైడు, మా కంపెనీవాడే, మాలాగే నారింజ రంగు కోటువాడు, గులకరాళ్ల మీద జారి పడ్డాడు. హెలికాప్టరు వచ్చి తీసుకుపోయింది. భుజం ఎముక విరిగింది, అంతకుమించి ఏమీ కాలేదు. మేం లోయకు ఈ చివర సత్రంలో దిగాం. కాసియన్ తొమ్మిది బ్యాటరీలు చార్జింగుకు పెట్టి, ఎప్పటిలాగే ఫోను మరిచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే, విగిల్ ఊరు తగలకుండా బయటి రోడ్డున, పెన్‌సర్ కనుమకు బయలుదేరారు. నేను వెనకే వ్యానులో. గడ్డివామి కొట్టం మలుపు ఇంకా రాకముందే పైనుంచి గంటలు వినిపించాయి. మంద ఈ ఏడు ఒక గంట ముందే దిగింది. కాసియన్‌కు దాక్కునే వ్యవధి లేదు. సైకిలు దిగి రోడ్డు పక్కన నిలబడిపోయాడు.

"ఇదేంటి, మీ యాత్ర పోస్టర్లో తలనిండా పూలున్నాయి గదా, ఇవేంటిలా బోసిగా?" అంది ఉర్సెల్, ఫోను పైకెత్తి.

ఒక్క ఆవు తల మీదా పువ్వు లేదు. ముందు నడిచే ముసలి ఆవు గంటకు నల్లగుడ్డ. దాని పక్కన కర్ర పట్టుకుని నడుస్తున్నది విగిల్ కాదు, అతని భార్య ఫిలొమేనా. నల్లటి తలగుడ్డ కట్టుకుని, తల దించుకుని వస్తోంది.

వ్యాను ఆపి దిగాను. కాసియన్ నా చెయ్యి పట్టుకున్నాడు. పదకొండేళ్లలో అతను అంత కదలకుండా నిలబడటం నేను చూడలేదు.

"బుర్గీ, వదిన ముందు నడుస్తోంది. అన్నయ్య ఏడీ?"

నేను రెండో చేత్తో అతని భుజం పట్టుకున్నాను.

"ఆస్పత్రి గేటు దాకా పోయాను. లోపలికి పోయుంటే ఏమయ్యేది? తిట్టేవాడు, అంతేగా. తిట్టించుకోడానికి కూడా మొహం చెల్లలేదు నాకు." పెద్దమనిషి, నలభై ఆరేళ్లవాడు, అతిథుల ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పుడు ఫిలొమేనా తలెత్తింది. అతన్ని చూసింది. కర్ర చేతిలోంచి జారిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నడిరోడ్డు మీద, ఆవుల మధ్యన కూలబడింది. "విగిల్" అని అరిచింది వెనక్కి తిరిగి. "విగిల్, ఇటు రావయ్యా."

మంద చివరి నుంచి విగిల్ వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు, కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆవులను రెండు చేతులతో తోసుకుంటూ వచ్చి తమ్ముడి ముందు నిలబడ్డాడు. ఒక్క క్షణం చూశాడు. చెంప ఛెళ్లుమనిపించాడు. ఆ వెంటనే కోటు రెండు చేతుల్తో గుప్పిట పట్టుకున్నాడు, వదిలితే పోతాడన్నట్టు.

"సచ్చావన్నార్రా" అన్నాడు. "పాలబండివాడు పైకొచ్చి చెప్పాడు. నారింజ కోటు గైడు పడిపోయాడు, హెలికాప్టరులో తీసుకుపోతుంటేనే పోయాడూ అని. ఫోను చేస్తే మోగదు. ఎన్నిసార్లు చేశానో నాకే తెలీదు. కిరీటాలన్నీ కట్టి సిద్ధంగా ఉన్నాయి. ఒక్కోటి విప్పి పొయ్యిలో వేశానురా, నా చేతుల్తో నేనే."

నాలుగేళ్లుగా తమ్ముడు లేడన్నవాడు ఆ తమ్ముడి కోసం మందను బోసితలలతో దింపాడు. నాకు ఏడుపాగలేదు, దాచుకోవడమెందుకు. ఉర్సెల్ ఏమీ అర్థం కాకపోయినా ఫోను జేబులో పెట్టేసుకుంది.

"నువ్వు పోయావనుకున్నా" అన్నాడు కాసియన్. "నువ్వు ముందు లేవు గదా."

"ముందు నడిచి ఊరికి ఏ మొహం చూపించను? నిన్ను వెళ్లగొట్టింది నేనే గదా. అందుకే వెనక దాక్కుని వస్తున్నా."

"పెయ్య సంగతి, అన్నయ్యా, నేను ఆ రోజే..."

"ఆపరా. ఆ పెయ్యను తల్చుకున్నావంటే ఇంకోటి పీకుతా."

ఫిలొమేనా లేచి ముసలి ఆవు మెడ దగ్గరికి పోయి నల్లగుడ్డ విప్పబోయింది. ముడి బిగుసుకుపోయింది, రాలేదు. కింద ఊరి చివర జనం అప్పటికే టోపీలు తీసి వరసగా నిలబడి ఉన్నారు. చచ్చిపోయిన కాసియన్ కోసం.

"ఇప్పుడు ఊళ్లోవాళ్లకేం చెప్పాలి?" అన్నాను నేను.

విగిల్ రోడ్డు మీద పడి ఉన్న కర్ర తీశాడు. అది మంద ముందు నడిచే యజమాని కర్ర, వాళ్ల నాయన చేతిది. కాసియన్ దాన్ని ముట్టుకుని ఎరగడు. విగిల్ దాన్ని తమ్ముడి చేతిలో పెట్టాడు.

"నువ్వు నడువు ముందు."

"నేనా? నువ్వుండగా?"

"నడవరా అంటే. నేను నీ వెనకే వస్తా. నిన్ను చూసుకుంటూ నడవాలనుంది నాకు."