వెలుగు చారల లెక్క

మా చిన్న మావయ్య పోయాడు. బిలాస్‌పూర్ నుంచి అత్తయ్య పంపిన పార్సెల్లో ఉత్తరం చూసి నిన్న తెలిసింది. కాలేజీలో సంతాప సభ కూడా పెట్టారట. ఆయన్ని లేజరు గదిలోంచి గెంటేసినవాళ్లే ఫొటోకి దండ వేసి, ఆయన లేని లోటు తీరనిదన్నారట. చదివి ఒళ్లు మండింది. ఆ మంటలో సగం నా మీదే.

రైల్వే కాలనీ పక్కనున్న ఆ కాలేజీలో మావయ్య ఫిజిక్సు ల్యాబ్ అసిస్టెంటు. ఎనభైల చివర్లో అక్కడికొక లేజరు వచ్చింది. దాని ఎర్రటి వెలుగును రెండు పాయలు చేసి, ఒక పాయని గాలి తోడేసిన గాజు గొట్టంలోంచి పంపి, మళ్లీ రెండింటినీ కలిపితే గోడ మీద చారలు పడేవి. గొట్టంలోకి మెల్లగా గ్యాసు వదులుతుంటే చారలు జరిగేవి. ఎన్ని జరిగాయో లెక్కపెడితే ఆ గ్యాసు సాంద్రత ఎంతో తేలుతుంది. ఒక్క చార తప్పినా అంతా తప్పే.

రైలు వెళ్తే బల్ల అదిరి చారలు చెదిరేవి. మావయ్య రైలు గార్డు కొడుకు, బండ్ల వేళలన్నీ నోటికొచ్చు. రెండు బండ్ల మధ్య ఖాళీ చూసి లెక్క మొదలెట్టేవాడు. ఊపిరి కూడా పక్కకి తిరిగి వదిలేవాడు.

"కంటితో సూసిందే రాయాల అమ్మీ. మనసుకి తోచింది రాయకూడదు" అనేవాడు, అక్కడే ఎంఫిల్ చేస్తున్న నాతో.

థీసిస్ ఇవ్వాల్సిన ముందు రోజు, ఆఖరి రీడింగు మధ్యలో వేళకాని వేళ బొగ్గు గూడ్సు వచ్చింది.

"పోయింది. మళ్లీ గొట్టం ఖాళీ సేసి మొదలెట్టాల" అని మావయ్య పంపు వేసి భోజనానికి వెళ్లాడు. పంపుకి మూడు గంటలు పడుతుంది. టైపు చేసేవాడు బయట కాచుక్కూర్చున్నాడు. నేనొక అంకె రాసి ఇచ్చేశాను.

తిరిగొచ్చి, "ఏటి రాసీసేవు?" అన్నాడు.

"చూసిందే మావయ్యా. లెక్క తప్పనేదు."

"అచ్ఛా" అన్నాడు.

వైవాకి వచ్చిన ఎగ్జామినరు ఆ రీడింగు మళ్లీ తీయించాడు. మూడు చారలు తేడా వచ్చింది. లెక్కపెట్టిందెవరని హెడ్డు అడిగాడు. మావయ్య నా మొహంలోకి చూశాడు. నేను బల్ల కేసి చూశాను. "ఆ పని అసిస్టెంటుదే కదా" అని హెడ్డే తేల్చేశాడు.

అంకె దిద్దించి నాకు డిగ్రీ ఇచ్చారు. మావయ్యని స్టోర్ రూముకి పంపారు. రిటైరయ్యేదాకా పగిలిన బీకర్లు లెక్కపెట్టాడు. మళ్లీ ఆ చారల్ని చూడనివ్వలేదు. నేనెప్పుడు వెళ్లినా టీ పెట్టించి ఉద్యోగం సంగతులు అడిగేవాడే కానీ, ఆ రోజు మాట ఎత్తేవాడు కాదు. తిట్టుంటే బాగుండేది. క్షమించాడనుకుని, సిగ్గులేకుండా హాయిగా బతికాను.

పార్సెల్లో ఆయన రీడింగుల పుస్తకం ఉంది. వైవా రోజున అది ఆయన చంకలోనే ఉంది, తెరవలేదు. ఆఖరి పేజీలో ఆయన గుండ్రటి అక్షరాలు: "గూడ్సు వచ్చింది. లెక్క పోయింది. మళ్లీ తీయాలి." పక్కన అంకె రాయాల్సిన గడి ఇంకా ఖాళీగానే ఉంది.