రెండు గోలీల కాక

పోయిన వారం ఒకనాడు పొద్దున్నే కాక పెద్దకొడుకు ఫోన్ చేశాడు. "నాయిన పోయిండన్నా" అన్నాడు. ఎట్లా పోయాడని అడగాల్సింది. నా నోట్లోంచి మాత్రం "పక్షవాతమా?" అని వచ్చింది. కాదన్నాడు. రాత్రి తన చేత్తో తానే అన్నం కలుపుకొని తిని, బీపీ గోలీలు వేసుకొని పడుకున్నాడట. తెల్లారి లేవలేదట. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, గెలిచినవ్ కాకా, అనుకున్నాను. ఆ మాట ఎందుకనుకున్నానో చెప్పాలంటే మిమ్మల్ని ఒమాన్ దాకా తీసుకుపోవాలి.

ఆయన నాకు సొంత చిన్నాన్న కాదు. జగిత్యాల వైపు తాపీమేస్త్రీ. ఎనభైల చివర నేను రుస్తాఖ్‌లో వైరింగ్ పనికి దిగినప్పుడు మా రూమ్‌లో అందరికంటే పెద్దవాడు, అందుకే అందరికీ కాక. ఆయన అన్న కూడా మేస్త్రీయే, ఒమాన్‌లోనే సూర్‌లో ఉండేవాడు. ఆ అన్నకు బీపీ. తలనొప్పి వస్తే గోలీ వేసుకునేవాడు, తగ్గితే మానేసేవాడు. ఒకనాడు సైట్‌లో అన్నం తింటుండగానే మూతి వంకరపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. కంపెనీ ఇంటికి పంపించేసింది. ఆ తర్వాత ఆయన మంచం దిగిందే లేదు. కాక లీవు మీద పోయినప్పుడల్లా అన్నకు స్పూన్‌తో తినిపించి వచ్చేవాడు.

ఒకసారి నాతో అన్నాడు: "సచ్చుడుకు నాకు భయం లేదురా. మంచంల పడి ఇంకొకలు పెడితే తినుడు, గట్ల మాత్రం వద్దు."

కాబట్టి తనకూ బీపీ ఉందని తేలినప్పుడు కాక నవ్వి ఊరుకోలేదు. మొదట ఒక గోలీ ఇచ్చారు, బీపీ దిగలేదు. క్లినిక్‌లో కేరళ డాక్టర్, దాన్నే పెంచుకుంటూ పోయే కంటే చిన్న మోతాదులో ఇంకోటి కలుపుదామని, రెండూ బతికున్నన్నాళ్ళు వేసుకోవాలని హిందీలో చెప్పాడు. ఒకటి ఒంట్లో నీళ్ళు తీసేది, ఒకటి గుండె జోరు తగ్గించేది. కాక రూమ్‌కొచ్చి మాకు తన భాషలో చెప్పాడు. మోటరు జోరు తగ్గించి, ట్యాంకీలో నీళ్ళు తగ్గిస్తే పైపు పగలదట. మా రూమ్‌లో ఉన్నవాళ్ళందరూ డాక్టర్లే కదా! జీవితాంతం ఇంగ్లీషు మందు తింటే కిడ్నీలు పోతాయని ఒకడు, ఉడుకు చేస్తుందని ఒకడు. కాక అన్నీ విని, గ్లాసుడు నీళ్ళతో రెండూ మింగేవాడు.

ఆ గోలీలు ఆయన్ని ఊరికే వదల్లేదు. నీళ్ళ గోలీ వేసుకున్నాక స్లాబు మీద నుంచి ఒంటేలుకు ఎన్నిసార్లు దిగేవాడో! ఫోర్‌మన్‌తో రోజూ లొల్లే. పిక్కలు పట్టేసేవి. దానికి డాక్టర్ అరటిపళ్ళు తినమంటే, మేం ఇల్లు కడుతున్న ఒమానీ పెద్దాయన ఆ సంగతి విని ఇంటి నుంచి అరటిగెలే పంపించాడు. ఇక రెండో గోలీతో అరచేతులు చల్లబడేవి. జూన్ ఎండలో మేం వరసపెట్టి కాక చెయ్యి పట్టుకొని చెంపకు ఆనించుకునేవాళ్ళం. "మీకు ఏసీ కంపెనీ ఇయ్యలేదు, నేనిచ్చిన" అని నవ్వేవాడు. ఆ చల్లదనం ఇప్పటికీ నా చెంప మీద ఉంది. శుక్రవారాలు ఖర్జూరపు తోటల్లో ఫలజ్ కాలువకు బట్టలు ఉతకడానికి పోయేవాళ్ళం, ఆయన నీళ్ళలో కాళ్ళు పెట్టుకొని పిక్కలు ఒత్తుకుంటూ కూర్చునేవాడు. అంత బాగా ఉండేవి ఆ రోజులు.

మా మెస్సులో ఒక పద్ధతి ఉండేది. ఉన్నదేదైనా సమానంగా పంచుకోవడమే. ఉల్లిగడ్డ దగ్గర్నుంచి సబ్బు దాకా. అదే మా కొంప ముంచింది. హైదరాబాద్ నుంచి వచ్చిన కార్పెంటర్ భాయ్‌కి కూడా బీపీ బయటపడింది. అక్కడ ధర ఎక్కువని ఊరి నుంచి గోలీలు తేవాల్సినవాడు లీవు పెంచుకున్నాడు. ఇంకేం, కాక దగ్గర ఉన్నవాటినే పంచుకున్నారు ఇద్దరూ. నీళ్ళ గోలీ కాకకు, గుండె గోలీ భాయ్‌కి. చెరి సగం, న్యాయంగా! మాలో ఒక్కడికీ తప్పనిపించలేదు. పైగా మెచ్చుకున్నాం.

వారం తిరగకముందే కాక సైట్‌లో ముక్కు నుంచి రక్తం కారుతూ గోడకు చేరగిలబడ్డాడు. మాట తడబడింది. పికప్‌లో క్లినిక్‌కు తీసుకుపోతుంటే దారంతా కుడిచెయ్యి మూస్తూ తెరుస్తూ ఉన్నాడు. "కదులుతున్నదా? సూడురా, కదులుతున్నదా?" అని నన్నే అడిగాడు. కదులుతోంది కాకా, అన్నాను. నిజంగానే కదులుతోంది.

కాక బీపీ దిగాక, గుండె గోలీని అట్లా ఒక్కసారి ఆపితే బీపీ ఎగిరిపడుతుందని, ఇవి సగం చేసుకోవడానికి రొట్టెలు కావని డాక్టర్ మా అందరినీ నిలబెట్టి తిట్టాడు. భాయ్ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. కాక ఆయన భుజం మీద చెయ్యేసి ఒక్కటే అన్నాడు: "బువ్వ పంచుకుందాం భాయ్. మందు మాత్రం ఎవలది వాళ్ళకే."

తొంభైల చివర్లో షుగర్ వచ్చింది. ఆ రెండు గోలీలు కలిపి ఏళ్ళ తరబడి వాడితే కొందరికి అట్లా రావచ్చని డాక్టర్ ఒప్పుకొని, ఒకటి మార్చాడు. రూమ్‌లో వాళ్ళు, మేం ముందే చెప్పలేదా అని మొదలుపెట్టారు. కాకకు కోపం రాలేదు. "ఇన్నేండ్లు రెండు కాళ్ళ మీద నిలబెట్టినయి. వాటికి గింత ఇయ్యద్దా?" అన్నాడు. చాయ్‌లో చక్కెర మానేశాడు, గోలీలు మానలేదు. తర్వాత నాకూ బీపీ వచ్చినప్పుడు నేను డాక్టర్ని తప్ప ఎవరినీ సలహా అడగలేదు.

కాక పోయిన మూడోనాడు, ఆయన పేరున పిట్టకు పెట్టేటప్పటికి ఊరికి చేరుకున్నాను. విస్తరిలో అన్నం, కోడికూర, ఆయనకిష్టమైన గారెలు పెట్టారు. అందరం దూరంగా జరుగుతుంటే కాకి చప్పున వచ్చి వాలింది. అప్పుడు కాక భార్య, మా చిన్నమ్మ, "ఆగుండ్రి" అంటూ ముందుకు పోతే కాకి లేచిపోయింది. ఆమె కొంగుముడి విప్పి, విస్తరి అంచున రెండు గోలీలు పెట్టింది. కొడుకు ఇదేందమ్మా అన్నాడు. "తినంగనే ఏసుకుంటడు. కనబడకుంటే దేవులాడుతడు" అంది.

కాకి మళ్ళీ వచ్చింది. గారె ముక్క ఎత్తుకొని ఎగిరిపోయింది. గోలీలు రెండూ అక్కడే ఉన్నాయి, ఒకటి తెల్లది, ఒకటి పసుపుది. చిన్నమ్మ వాటి పక్కన గ్లాసుడు నీళ్ళు పెట్టింది.