ఏడవకుండా చెబితే వింటారా

నా భార్య పోయిన నెల చనిపోయింది. మెదక్‌లో మా ఇంట్లోనే. ఉదయం టీ పెట్టడానికి లేచి, మళ్ళీ కూర్చుంది. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. ఈ సంగతి తెలియని వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఆమె ఫోన్ ఇప్పటికీ మోగుతోంది. "మేడం లేదా సారూ?" అని అడుగుతారు. లేదని చెబుతాను. "ఎప్పుడొస్తది?" అంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేసేది. పాపన్నపేట, అల్లాదుర్గ్, శంకరంపేట వైపు ఊళ్ళు తిరిగి, గ్రామసభల్లో ఆడవాళ్ళు, కూలీలు నోరు తెరిచేలా చూడటం ఆమె పని. నేను కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి. గంట కొట్టేదాకా మాట్లాడటం నా ఉద్యోగం. ఆమె ఉద్యోగంలో ఎక్కువ భాగం ఊరుకుని కూర్చోవడమే.

సాయంత్రం షేర్ ఆటో దిగి, చీర అంచుకు బురదతో వచ్చేది. ఆ రోజు ఎవరు ఏమన్నారో నాకు చెప్పేశాకే కాళ్ళు కడుక్కునేది. ముందు కడుక్కోమంటే, "మరిచిపోత" అనేది.

సభలో తాను మాత్రం మాట్లాడేది కాదు. ఒకసారి ఒక అధికారి, "మీరే చెప్పండి మేడం, తొందరగా అయిపోతుంది" అన్నాడట. "తొందరగ అయిపోవద్దనే వచ్చిన సార్" అందట.

పాపన్నపేట మండలంలో, మంజీరకు దగ్గర్లో ఒక ఊరుంది. ఊరికీ, కూలీలు ఉండే వాడకూ మధ్య ఒక వాగు. ఆ వాడలో పోశవ్వ అనే ముసలామె ఉంటుంది. ఒక వానాకాలం ఆమె భర్త చనిపోతే మేమిద్దరం వెళ్ళాం. మా వైపు చావింట్లో ఆడవాళ్ళు శోకం పెడతారు. చనిపోయిన మనిషితో మాట్లాడుతున్నట్టే, రాగం తీస్తూ, కడుపులో ఉన్నదంతా చెబుతారు.

పోశవ్వ కూడా చెప్పింది. "వాగు నిండవట్టె, ఆటో రాకపాయె, నిన్ను మంచంల మోస్తిమి. వంతెన కడ్తనన్నోడు వచ్చి నీ కాళ్ళకాడ నిలవడ్డడు, లేచి సూడు" అంది. ఊరి సర్పంచ్ అక్కడే తల వంచుకుని విన్నాడు. గ్రామసభల్లో అదే పోశవ్వ స్తంభం వెనక కొంగు కప్పుకుని కూర్చునేది.

తిరుగు ప్రయాణంలో బస్సెక్కగానే నా భార్య నా వైపు తిరిగింది. "ఏడ్చుకుంట చెప్తె ఊరంత విన్నది. ఏడువకుంట చెప్తె వినరా?"

తర్వాతి గ్రామసభలో, "ఆనాడు తాతకు చెప్పినట్టే చెప్పు అవ్వా" అని పోశవ్వను లేపింది. పోశవ్వ లేచి, అదే రాగం అందుకుంది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు అలవాటుకొద్దీ కొంగులు కళ్ళకు అద్దుకుని గొంతు కలిపారు. హోటల్ దగ్గరున్న మగవాళ్ళు టీ గ్లాసులు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. "ఎవలు పోయిండ్రు? ఎవలు?" అని ఒకటే అడగడం. ఒకాయన డప్పు కోసం మనిషిని కూడా పంపించాడు. సభ అక్కడితో సరి.

ఆ సాయంత్రం మా గడప మీద కూర్చుని ఇదంతా చెబుతూ విరగబడి నవ్వింది. నవ్వి నవ్వి, ఆగి, "తప్పు నాదే. మాట అడుగుడు పోయి ఏడుపు అడిగిన" అంది.

ఆ తర్వాత నాట్ల కాలంలో, కోతల కాలంలో పొలం గట్ల మీద పోశవ్వ పక్కన కూర్చుంది. రాగం లేకుండా చెప్పమనేది. "రాగం లేకుంటె నాకు మాటనే రాదు బిడ్డా" అనేదట పోశవ్వ. "వస్తది. నాకేం తొందర లేదు" అనేదట ఈమె.

ఈ ఏడు ఆ ఊరికి ఒక్క పనికి సరిపడా నిధులు వచ్చాయి. ఊరి ముందు స్వాగత ద్వారంలా కమాను కట్టాలని పెద్దల పట్టు. వాగు మీద కల్వర్టు కావాలని వాడవాళ్ళ కోరిక. గ్రామసభలో తేల్చాలి. ఆ సభ కోసం నా భార్య ఎదురుచూసింది. సభకు ముందే పోయింది.

పదకొండో రోజున ఆ ఊరి ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చారు. అందరూ ఏడ్చారు. పోశవ్వ ఏడవలేదు. ఫొటో ముందు పెదాలు బిగబట్టి నిలబడింది. "గింత దూరం వచ్చి నోరు తెరువదేంది?" అని మా అక్క గొణిగింది. పోశవ్వ నా దగ్గరికి వచ్చింది.

"ఏడుపు రాలేదనుకోకు సారూ. ఇప్పుడేడిస్తె గొంతు పోతది. ఈ వారమే సభ ఉన్నది."

సభకు నేనూ వెళ్ళాను. ఇంట్లో ఉండలేకపోయాను.

కమాను సంగతి ఒక పటేలు ఎత్తాడు. "అన్ని ఊర్లకు కమాన్లున్నయి, మనకే లేదు. ఇజ్జత్ పోతున్నది" అన్నాడు. పోశవ్వ లేచింది.

"కమాను కిందికెల్లి దర్జాగ పోతం పటేలా. పోయి యాడ తేలాలె, వాగులనా?"

అందరూ నవ్వారు. వెనక నుంచి ఎవరో, "కూసో ముసల్దానా, మల్ల ఏడుపు మొదలువెడ్తవ్" అన్నారు.

"ఏడువ. ఏడువకుంటనే చెప్త, విను."

చెప్పింది. భర్తను మోసిన మంచం గురించి, వాన పడితే బడి మానేసే పిల్లల గురించి, నీళ్ళలో కాలు జారిన కోడలి గురించి. ఒకచోట రాగం రాబోయింది. ఆగింది. మళ్ళీ చెప్పింది. ఎవరూ అడ్డు రాలేదు. పంచాయతీ కార్యదర్శి చేతులెత్తమన్నాడు. వాడవాళ్ళు ఎత్తారు. ఊరి ఆడవాళ్ళు కొందరు ఎత్తారు. పటేలు కోడలు కూడా కొంగు చాటు నుంచి చెయ్యెత్తింది. కల్వర్టు అని తీర్మానం రాశారు.

నా భార్య లేకుండానే ఆ పని జరిగింది. ఆమె కోరుకున్నదీ అదే.

సభ ముగిశాక పోశవ్వ తిన్నగా వాగు ఒడ్డుకు నడిచింది. ఆడవాళ్ళు వెంట వెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆమె ఇసుకలో కూలబడి, అప్పుడు ఎత్తుకుంది శోకం. "కమాను రాలేదు బిడ్డా, కల్వర్టు రాసిండ్రు. ఒక్క మాటకన్న రాగం తియ్యలే బిడ్డా. విన్నవా? యాడున్నవు నా తల్లీ, ఎవలికి చెప్పుకోను?" గొంతు పోయేదాకా ఏడ్చింది.

తర్వాత ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నువ్వు గూడ చెప్పు సారూ. ఇంట్ల సంగతులు మాకేం ఎరుక?"

నాకు రాదన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. వాళ్ళు లేచి వెళ్ళనూ లేదు. కాసేపటికి నేను నా భార్యను పేరు పెట్టి పిలిచాను. సాయంత్రం ముందు కాళ్ళు కడుక్కోమని చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరని చెప్పాను. ఆ తర్వాత ఏమేం చెప్పానో గుర్తు లేదు. చెబుతున్నంతసేపూ ఆ ఆడవాళ్ళు ఊ కొడుతూనే ఉన్నారు. అటు నుంచి వాగు దాటుతున్న ఎవరో, చెప్పులు చేతిలో పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో అలాగే ఆగిపోయారు.