సింహం గుండె మీద బొత్తాం

నేను చేసిన తింగరి పనులన్నీ రాస్తే బస్తాకు సరిపోతాయి. కానీ రెండు సింహాల పరువు తీసి, నా ఉద్యోగానికే ఎసరు పెట్టింది మాత్రం ఒక్కటే. నవ్వితే నవ్వండి. ఆ రోజు నాకు మాత్రం ఏడుపు తప్ప ఇంకేమీ రాలేదు.

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే కొట్టులో నాది కంప్యూటర్ పని. రోజూ శిరివెళ్ల నుంచి బస్సులో రావడం, గిరాకీలకు నమూనాలు పంపడం, చెక్కేవాళ్లకు బొమ్మలు ప్రింటు తీసివ్వడం. రోడ్డుకు అవతల ఇంకో కొట్టు ఉంది. అక్కడ నా పనే చేసేది పర్వీన్. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే బెంచీ. అప్పుడు దాని చేతిరాత చూసి కుళ్లుకునేదాన్ని, పెద్దయ్యాక దాని వీడియోలు చూసి కుళ్లుకునేదాన్ని. బండరాయికి కూడా పౌడరు రాసినట్టు చూపిస్తుంది మహాతల్లి! నా సంగతంటారా? తెర మీది బొమ్మ కావాలంటే ఫోన్ తీసి ఆ తెరకే ఫోటో కొట్టేదాన్ని.

"ఏంది మేరీ ఇది? ఏనుగు కడుపులో నీ మొగం కనబడతాంది!" అని అరిచేవాడు మా ఓనరు సుబ్బరాయుడన్న. "ఆ పర్వీన్ పంపేవి చూడు, అద్దం మాదిరి ఉంటాయి."

ఆ మాట వింటే నాకు ఒళ్లంతా కారం పూసినట్టుండేది.

అంతలో నంద్యాల నుంచి ఒక మాస్టారు వచ్చాడు. కొత్త ఇంటి గేటుకు సింహాల జత కావాలట. నచ్చకపోతే ఎదురు కొట్టుకు పోతానని ముందే చెప్పాడు.

"మంచి నమూనా తియ్యి," అన్నాడు సుబ్బరాయుడన్న. "ఈ బేరం గాని రోడ్డు దాటిందా, నీ కుర్చీలో పర్వీన్‌ను కూర్చోబెడ్తా."

నా కుర్చీలో! పర్వీనా!

దాని వీడియోలన్నీ తిరగేశాను. ఒకదాంట్లో గేటు పక్కన సింహం కనిపించింది. ఏం జూలు, ఏం మీసం! ఇంత మంచి సింహం వాళ్లకే ఎందుకుండాలి అని ప్రాణం ఉసూరుమంది. సరే, దాన్నే కొట్టేద్దామనుకున్నాను. కంప్యూటర్లోనే ఒక కత్తెర ఉందని అప్పుడే కనిపెట్టాను. విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే తెర మసకబారుతుంది. మౌసుతో గీసినంత మేర బొమ్మ తెగి చేతికొస్తుంది. ఇన్నాళ్లూ దాన్ని దగ్గర పెట్టుకుని ఫోన్‌తో కుస్తీ పట్టానన్నమాట! వీడియో ఆపాను, సింహాన్ని కత్తిరించాను, ఎవరికీ చూపించకుండానే ప్రింటు తీసి కాశన్న చేతిలో పెట్టాను. మా కొట్టులో సింహాలు చెక్కేది ఆయనే.

"ఛాతీ మీద ఈ గుండ్రటి బిల్లేందమ్మా? మధ్యలో మూడు మూలల గుర్తు కూడా ఉండాది," అన్నాడు కాశన్న.

నేను తొంగి చూశానా? లేదు. పర్వీన్ సింహం కన్నా మాది రవ్వంత కూడా తగ్గకూడదన్న మంటలో ఉన్నాను.

"ఎట్లుంటే అట్ల చెక్కన్నా. ఒక్క గీత గూడా వదలొద్దు."

"రెండిటికీనా?"

"రెండిటికీ!"

మీకు అర్థమైపోయింది కదా. వీడియో ఆపినప్పుడు మధ్యలో పడే గుర్తు అది, నొక్కితే మళ్లీ ఆడేది. పొద్దస్తమానం చూసేదే కాబట్టి నా కళ్లు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

చెక్కే షెడ్డు ఊరి బయట ఉంది. సింహాలు ట్రాక్టరెక్కి కొట్టుకు వచ్చేసరికే మాస్టారూ వాళ్లమ్మా వచ్చి కూర్చున్నారు. గోనెపట్టాలు తీశారు. జూలు అదిరింది. మీసం అదిరింది. ఛాతీ మీద ఉబ్బెత్తుగా ఇంత బిల్ల, అందులో త్రికోణం. రెండిటికీ!

మాస్టారి అమ్మ దగ్గరికెళ్లి ఆ బిల్లను బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"నొక్కితే అరుస్తాదా నాయనా?" అంది కొడుకుతో.

"గేటుకు సింహం చెయ్యమంటే కాలింగ్ బెల్లు చేసినారేందప్పా?" అన్నాడు మాస్టారు.

సుబ్బరాయుడన్న నా వైపు తిరిగాడు. గోల విని పర్వీన్ రోడ్డు దాటి వచ్చింది, చూసింది, నవ్వలేక అక్కడే ఇసుకలో కూలబడింది.

"నా వీడియోలోంచి కోసినావా మే? ఆపినంక మౌసు పక్కకు జరిపి కొంచెంసేపు ఆగితే ఆ గుర్తు పోతాది గదా!"

ఇదీ తెలుసు దానికి! అంత అవమానంలోనూ నాకు ముందు అసూయే వచ్చింది.

"మీ సింహం బాగుండాదని కోసినా. ఏం, కోయగూడదా?" అన్నాను ఉక్రోషంగా.

"మా సింహమేంది? గడివేములలో మా చిన్నమ్మ కాడికి పోయినప్పుడు ఎదురింటి గేటు కాడ తీసినా. అవి మీ కొట్టులోనే చేయించినారంట. మావని నేను యాడన్నా రాసినానా?"

సుబ్బరాయుడన్న నెత్తి గోక్కున్నాడు. "అవును, గడివేములకు మనమే పంపితిమి. నువ్వు అప్పటికింకా చేరలే."

కాశన్న ఆ బిల్లలను ఉలితో చెక్కి తీసేసి, అక్కడ జూలుకు ఇంకో వరస ఉంగరాలు తీశాడు. మాస్టారు సింహాలను తీసుకెళ్లాడు, నా కుర్చీ నాకు మిగిలింది. కాకపోతే రోజూ సాయంత్రం పర్వీన్ దగ్గర కూర్చుని పని నేర్చుకొమ్మని ఓనరు శిక్ష వేశాడు.

అందుకే బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి సొమ్ము చూసి కుళ్లుకోవాల్సి వచ్చినా, అది మా కొట్టుది కాదని ముందు రూఢి చేసుకుని, ఆ తర్వాతే కుళ్లుకుంటాను.