మౌత్ ఆర్గాన్‌లో తిత్తి

ఆర్టీసీ కండక్టరు పున్నారావు రోజూ డ్యూటీ దిగాక పటమటలోని ఇంటి వరండాలో మౌత్ ఆర్గాన్ పట్టుకుని కూర్చుంటాడు. పాటలేవీ వాయించడు. ఎడమ చివరి రంధ్రాలను పెదవులతో కప్పి ఒకే స్వరాన్ని సాగదీస్తాడు. వాళ్ల నాన్న కూచిపూడి మేళంలో అందరికీ వెనక నిలబడి, చంకలో తోలుతిత్తిని నోటితో ఊది నొక్కుతూ శ్రుతి పట్టేవాడు. ఆయన ఊపిరి తీసుకున్నా తిత్తిలో గాలి ఉండేది కాబట్టి శ్రుతి తెగేది కాదు. తిత్తి లేకుండానే ఆ విద్య తనకూ పట్టుబడిందని పున్నారావు ఏళ్ల తరబడి మురిసిపోయాడు. భార్య రామతులసి పోయాక మొదటిసారి ఊదితే ఊపిరి తీసుకున్నప్పుడల్లా శ్రుతి తెగింది. అరచేతికేసి తట్టి చూశాడు. బీసెంట్ రోడ్డులో షాపువాడికి చూపిస్తే, “బానే ఉందండీ” అన్నాడు.

“దానికేం కాలేదు నాన్నా,” అంది కూతురు ఉష. “నువ్వు గాలి పీల్చుకునేటప్పుడల్లా అమ్మ వంటింట్లోంచి అదే శ్రుతిలో ఊఁ అంటుండేది.”

“నాకెప్పుడూ చెప్పలేదే.”

“చెబితే చిన్నబుచ్చుకుంటావని నన్నూ చెప్పొద్దంది.”

పున్నారావు ఇప్పటికీ రోజూ ఊదుతాడు. ఊపిరి తీసుకునే చోట మాత్రం, తీసుకోవడం అయిపోయాక కూడా, కాసేపు ఆగుతాడు.